పాత సున్నపు మేడలో ఆర్ట్ గ్యాలరీ: ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా పని డైరీ

స్థలం హైదరాబాద్ కోఠి వైపు, బస్సులు ఆగకుండా తిరిగే రోడ్డు పక్కన. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రెండంతస్తుల పాత మేడ. గోడల మందం 20 అంగుళాలు, గది ఎత్తు 14 అడుగులు. కింది అంతస్తులో మూడు గదులు గ్యాలరీకి ఇచ్చారు. మొదటి గదిలో చేర్యాల నకాషీ పటం (కథ చెప్పడానికి గుడ్డ మీద గీసిన పొడవాటి బొమ్మల చుట్ట), రెండో గదిలో ఎచింగ్‌లు (యాసిడ్‌తో గీతలు దింపిన లోహపు పలక నుంచి కాగితం మీద అచ్చేసినవి), నీటిరంగుల బొమ్మలు, మూడో గదిలో ఆయిల్, యాక్రిలిక్ కాన్వాసులు. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు.

పని వరస ముందే రాసుకున్నాం: మొదట నీళ్లు, తర్వాత ఎండ, తర్వాత గోడ, తర్వాత గాలి, చివర బొమ్మ. పాత మేడల్లో పెట్టిన గ్యాలరీలు ఎక్కువగా దెబ్బతినేది ఈ వరస తిరగబడినందువల్లే. రంగులేసి, లైట్లు బిగించి, రిబ్బను కత్తిరించాక జులైలో గోడ ఉబ్బుతుంది. అప్పుడు బొమ్మలు దించి పని మళ్లీ మొదలుపెట్టాలి.

ఏప్రిల్ రెండో వారం: కప్పు

ఇనుప దూలాల మధ్య ఇటుక కమానులు పోసిన కప్పు. తూములు నాలుగు. రెండు వేపాకులతో, మట్టితో పూడిపోయాయి. మూడోదాని దగ్గర ఎప్పుడో వేసిన సిమెంటు అతుకు తూము నోటికంటే అర అంగుళం ఎత్తులో ఉంది. పడిన ప్రతి వాన అక్కడే నిలిచి, కమానులోకి దిగుతోంది.

కొత్త శ్లాబుకైతే తూములు మూసి 2 అంగుళాల నీళ్లు నిలబెట్టి ఒక రోజు చూస్తారు. ఇక్కడ అలా చేయలేదు. 2 అంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు, పైగా దూలాల అంచులు తుప్పు పట్టి పొరలు లేస్తున్నాయి. అందుకని మట్టితో గట్లు కట్టి, 4 అడుగుల వెడల్పు పట్టీల్లో ఒక్క అంగుళం నీళ్లు పెట్టి, పట్టీకి 6 గంటలు చూశాం. పైన ఒకరు, కింద టార్చి, సుద్దముక్కతో ఒకరు. అయిదు చోట్ల కురిసింది. అందులో మూడు కప్పు మధ్యలో కావు, పిట్టగోడ కప్పును కలిసే మూలలో. ఆ మూల పొడవునా సున్నం, ఇటుక పొడితో 3 అంగుళాల గుండ్రటి వాలు కట్టాం. తూము గొట్టాలను గోడ మీద నీళ్లు జారకుండా 9 అంగుళాలు బయటికి పొడిగించాం. దూలాల తుప్పు గీకి, ఎర్ర ప్రైమరు రెండు పూతలు వేశాం.

ఏప్రిల్ చివర: సిమెంటు గిలాబు తీసివేత

లోపల 5 అడుగుల ఎత్తు వరకు సిమెంటు గిలాబు ఉంది. చెమ్మ ఆపడానికని వేశారు. నేల నుంచి ఎక్కే చెమ్మ దానికి ఆగదు, దాని వెనకాల పైకి పాకి, సిమెంటు ముగిసిన చోట బయటపడుతుంది. సరిగ్గా 5 అడుగుల గీత మీద తెల్లటి ఉప్పు పొంగు కనిపించింది. బొమ్మ మధ్యభాగం వచ్చేది కూడా ఆ ఎత్తులోనే.

చెమ్మ గోడలోదా, గదిలోదా తేల్చడానికి మీటరు కంటే పాలిథిన్ ముక్క నమ్మకమైనది. సూదుల మీటరు ఉప్పు తగిలితే చాలు, గోడ ఆరిపోయినా తడి ఉన్నట్టే చూపిస్తుంది. 2 అడుగుల చదరపు పాలిథిన్‌ను నాలుగు అంచులా టేపుతో మూసి, ఒక రోజు ఉంచాలి. బొట్లు లోపలివైపు పడితే గోడ నీళ్లు, బయటివైపు పడితే గాలిలోవి. మాకు ఆరింటిలో నాలుగు లోపలివైపు తడిశాయి.

సిమెంటును ఉలి, సుత్తితోనే తీయించాం. కరెంటు బ్రేకరు పెడితే వెనకున్న సున్నపు సందులు కదిలిపోతాయి. బయటపడ్డ ఉప్పును పొడి బ్రష్షుతో రాల్చి, కింద పరిచిన పట్టా మీద పోగేసి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. మేస్త్రీలకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది, ఎందుకంటే చేతిలో పైపు ఉంటే కడగడమే అలవాటు.

మే మొదటి, రెండో వారాలు: సున్నం

పాళ్లు కొలత లెక్కన: 15 రోజులు నానిన సున్నపు ముద్ద 1, ముతక ఇసుక 2, జల్లెడ పట్టిన ఇటుక పొడి అర. గానుగ దొరకలేదు, రోలరు మిక్సరులో 40 నిమిషాలు తిప్పాం. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపాలని పెద్ద మేస్త్రీ పట్టు. కప్పు మూల పనికి ఒప్పుకున్నాం, గ్యాలరీ లోపలి గోడకు వద్దన్నాం. బయట ఎండా వానా తగిలే చోట దాని బలం వేరు. గాలాడని గదిలో మిగిలిన తీపి బూజుకు మేత.

మొదటి పూత 12 మి.మీ., 10 రోజుల ఎడం, రెండోది 8, నున్నటి పైపూత 3. తూర్పు గోడ మొదటి పూతకు సాయంత్రానికే వెంట్రుక పగుళ్లు వచ్చాయి. మే గాలి నీటిని లాగేసింది, సున్నం గట్టిపడేలోపే కుంచించుకుపోయింది. నీళ్లు చిలకరించి, చెక్క తాపీతో గట్టిగా అదిమితే పగుళ్లు మూసుకున్నాయి. ఆ తర్వాత ప్రతి గోడ ముందూ 6 అంగుళాల ఎడంలో తడి గోనెపట్టాలు కట్టి, వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపాం. పట్టా గోడకు ఆనకూడదు, ఆనితే మరకలు.

పైన వేసింది సున్నపు వెల్లే. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత పనీ వృథా, గోడ ఊపిరి మళ్లీ మూసుకుపోతుంది.

మే మూడో వారం: ఉత్తరం కిటికీలు

ఉత్తరపు వెలుగు మెత్తనిది, ఎండ పడదు, బొమ్మలకు మంచిది అన్నది యూరప్ పుస్తకాల మాట. అక్కడ చాలావరకు నిజమే. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. మే 10 ప్రాంతం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. జూన్ 21న సూర్యోదయం తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి వస్తుంది. అంటే ఆ రోజుల్లో ఉత్తరం కిటికీకి పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలి దాకా పడుతుంది. దక్షిణం కిటికీకి అసలు పడదు.

ఇది కాగితం మీద తేలే లెక్కే అయినా, గదిలో నేల మీద ఎండ మచ్చ అంచును గంటగంటకూ సుద్దతో గీసి, పక్కన టైము రాశాం. ఎచింగ్‌ల గది ఉత్తరం కిటికీ నుంచి ఉదయం 7.30కి వెలుగు పడమటి గోడ మీద నేరుగా పడుతోంది. అక్కడే పెద్ద ఎచింగ్‌లు పెట్టాలని తొలి ప్లాను. మార్చేశాం. కిటికీలకు యూవీ ఫిల్మ్, దాని వెనక తెల్లటి గుడ్డ తెర, దాని వెనక టేకు చెక్క తలుపు. ఫిల్మ్ ఒక్కటే చాలదు, అది అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది గానీ వెలుగును కాదు. రంగు వెలిసేది కంటికి కనిపించే వెలుగువల్ల కూడా. గ్యాలరీ మూసి ఉన్న గంటల్లో చెక్క తలుపు మూసే ఉండాలని తాళాల పుస్తకంలో ఒక గడి గీయించాం.

జూన్, జులై: ఎడంగా నిలిపిన గోడ

తడిసిన రాతిగోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అని పాత లెక్క. 20 అంగుళాల గోడకు ఎంతకాలం ఆగాలి? రెండు వైపులా ఆరుతుందని సర్ది చెప్పుకున్నా నవంబరుకు కాదు. కాబట్టి బొమ్మలు అసలు గోడ మీద వేలాడవు. దాని ముందు 3 అంగుళాల ఎడంలో తేలికపాటి గోడ నిలుస్తుంది, కిందా పైనా తెరిచి ఉంటుంది, వెనక గాలి ఆడుతుంది.

ఒక్కో గదిలో పొడవు గోడ 36 అడుగులు. జీఐ స్టడ్లు (జింకు పూత వేసిన నిలువు కడ్డీలు) 16 అంగుళాలకు ఒకటి, మొత్తం 28. వాటి మీద 12 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీట్లు 9, దాని మీద 12.5 మి.మీ. జిప్సం బోర్డు 9. అడుగున 4 అంగుళాల ఖాళీ. ప్లైవుడ్ లేకుండా వట్టి జిప్సం పెట్టొద్దు. 15 కిలోల ఫ్రేము స్క్రూను మూడు నెలల్లో కిందికి లాగేస్తుంది. పైగా ప్రతి ప్రదర్శనకూ కొత్త చోట మేకు పడాలి, ప్లై ఉంటే ఎక్కడైనా పట్టుకుంటుంది. ప్లై, జిప్సం అతుకులు ఒకే గీత మీద రాకుండా 2 అడుగులు జరపాలి.

ప్లైవుడ్‌లో జిగురు గుర్తుంచుకోండి. మామూలు షీటు ఫార్మాల్డిహైడ్ వదులుతూనే ఉంటుంది, కాగితానికి, లోహానికి అది చెడు. తక్కువ వాయువు వదిలే రకం తెప్పించి, కోసిన అంచులన్నీ సీల్ చేసి, రంగు వేశాక నాలుగు వారాలు కిటికీలు తెరిచి ఫ్యాన్లు తిప్పాం. రంగు కొత్త వాసన వేస్తున్నంతకాలం బొమ్మ గదిలోకి రాకూడదు.

ఒక పొరపాటు: మొదటి గదిలో స్టడ్లను రాతిగోడకు బిగించిన క్లాంపులు వట్టి ఇనుపవి. జులై మధ్యకు తుప్పు రంగు కారింది. అన్నీ విప్పి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాం. చెమ్మలో, ఉప్పులో వట్టి ఇనుము నిలవదు.

కప్పు మాత్రం ఒక్క చోట కూడా కురవలేదు.

ఆగస్టు: గాలి

నాలుగు లాగర్లు పెట్టాం, 10 నిమిషాలకోసారి తేమ, వేడి రాసుకునేవి. మూడు గదులకు మూడు, నాలుగోది ఎడంగా నిలిపిన గోడ వెనక. మాకు ఇచ్చిన 2 టన్నుల స్ప్లిట్ ఏసీలతోనే మొదలుపెట్టాం, పొద్దున 10కి ఆన్, సాయంత్రం 6కి ఆఫ్.

మొదటి వారం గ్రాఫు రంపపు పళ్లలా వచ్చింది. సాయంత్రం 4కి 52 శాతం, రాత్రి 9కి 74. ఏసీ ఆపగానే చల్లబడ్డ గది తేమను పీల్చుకుంటుంది, పొద్దున మళ్లీ ఎండుతుంది. గుడ్డ, కాగితం, చెక్క ఆ లెక్కన రోజూ ఉబ్బి కుంచించుకుంటే వాటి మీది రంగు పొర పగులుతుంది. ఇలా నడిచే ఏసీ కంటే ఏసీ లేని మందపు గోడల గదే బొమ్మకు మేలు. గదికి మించిన టన్నుల ఏసీ ఇంకో చెడు చేస్తుంది: చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగడానికి టైము చాలదు.

మార్చింది ఇదీ: గదికి ఒక 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ, 26 డిగ్రీల దగ్గర, రాత్రి కూడా. రోజుకు 50 లీటర్లు లాగే డీహ్యూమిడిఫయర్లు రెండు. గురి 45 నుంచి 60 శాతం మధ్య, ఒక రోజులో 10 శాతానికి మించి కదలకూడదు. డీహ్యూమిడిఫయర్ బకెట్టు రాత్రి రెండింటికి నిండి, మిషన్ ఆగిపోయి, పొద్దున దాకా తేమ పెరుగుతూ పోవడం రెండుసార్లు జరిగింది. పైపు వేసి తూముకు కలిపాక మిషన్ మళ్లీ ఆగలేదు. ఆ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి.

వేసవి లెక్క వేరు. మేలో మధ్యాహ్నం తేమ 30 శాతం కిందికి పోతుంది. అప్పుడు ఎవరో ఒకరు కూలర్ తెచ్చి పెడతారు. కూలర్ గ్యాలరీ గడప దాటకూడదు, తడిగాలిని నేరుగా బొమ్మ మీదికి కొట్టే యంత్రం అది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో కూడా జాగ్రత్త. పూర్తిగా ఎండబెట్టిన జెల్‌ను మూసిన అద్దాల పెట్టెలో పెడితే బొమ్మలో ఉండాల్సిన తేమ కూడా లాగేస్తుంది. 50 శాతం దగ్గర నిలకడ చేసిన జెల్ వాడాలి.

సెప్టెంబర్: లైట్లు

లైట్లు బిగించే ట్రాక్ ఎత్తు 3.6 మీటర్లు. బొమ్మ మధ్యభాగం ఎత్తు 1.45 దగ్గర. లైటు నిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడాలంటే ఆ రెండింటి తేడా 2.15ను 0.58తో గుణించాలి, గోడ నుంచి 1.25 మీటర్లు వస్తుంది. అంతకు దగ్గరైతే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరమైతే చూసేవాళ్ల తల నీడ పడుతుంది, అద్దంలో లైటు మెరుస్తుంది.

3000 కెల్విన్ (పసుపు ఛాయ తెలుపు) ఎల్‌ఈడీలు, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 పైన. డబ్బా మీద సీఆర్ఐ మాత్రమే చూసి కొనొద్దు, ఎరుపు కోసం విడిగా ఉండే ఆర్9 అంకె కూడా అడగండి. చేర్యాల పటం నేల మొత్తం ఎరుపే. ఆర్9 తక్కువైతే ఆ ఎరుపు ఇటుక రంగుకు దిగిపోతుంది.

మొదట తెచ్చిన 12 వాట్ల, వెలుగు 24 డిగ్రీల మేర విచ్చుకునే లాంపు కింద మీటరు 340 లక్స్ (వస్తువు మీద పడే వెలుగు కొలత) చూపింది. పటానికి, కాగితానికి 50 లక్స్ మించకూడదు. డిమ్మరుతో అంత కిందికి దించితే వెలుగు వణుకుతుంది, ఫోను కెమెరాలో చారలు పడతాయి. 5 వాట్ల, 38 డిగ్రీల లాంపులకు మారితే 70 వచ్చింది, అక్కడి నుంచి 50కి దించడం తేలిక. పెద్ద లాంపులు వృథా కాలేదు, ఆయిల్ గదిలో 200 లక్స్‌కు సరిపోయాయి. బయటి ఎండలోంచి వచ్చిన కంటికి 50 లక్స్ చీకటిలా ఉంటుంది. అందుకే మధ్య నడవాను 100 దగ్గర ఉంచి, పటం గదికి ముందు ఒక మలుపు పెట్టాం. కన్ను సర్దుకున్నాకే మనిషి పటం దగ్గరికి చేరతాడు.

అక్టోబర్: పటం

పటం 3 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, మార్కండేయ పురాణం. పద్మశాలీల కులకథ, కూనపులి వాళ్లు పటం విప్పుతూ పాడి చెప్పేది. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద, చెట్టు బంక కలిపి పూతలు వేసి, దాని మీద నీళ్లలో కలిపిన రంగులు. ఈ వాక్యంలోనే దాని జబ్బులన్నీ ఉన్నాయి. అంబలి, బంక పురుగుకు తిండి, బూజుకు మేత. సుద్ద పొర మడత పెడితే పగులుతుంది. రంగుకు తడి గుడ్డ తగిలితే ఊడొస్తుంది. దుమ్ము తీయడానికి మెత్తని పొడి బ్రష్షు, దాని పక్కనే గుడ్డ కట్టిన వాక్యూమ్ నోరు, అంతే.

మొత్తం 40 అడుగులూ పరిచి చూపించడం కుదరదు, చూపకూడదు కూడా. వెలుగుకు బాగా వెలిసే రంగులకు అంతర్జాతీయ ప్రమాణం ఏడాదికి 15,000 లక్స్ గంటలు. 50 లక్స్ దగ్గర అది 300 గంటలు, రోజుకు 7 గంటల చొప్పున 43 రోజులు కూడా రాదు. అందుకని ఒకసారికి 8 అడుగులు, ఆరు వారాలు. వారానికి 6 రోజులు, రోజుకు 7 గంటలు, 252 గంటలు, 12,600 లక్స్ గంటలు. అయిదు భాగాలు తిరగడానికి 30 వారాలు. కథ కూడా వరస ప్రకారమే విప్పుకుంటుంది, పటం అసలు చూపే తీరుకు ఇదే దగ్గర.

రెండు వైపులా 6 అంగుళాల వ్యాసం ఉన్న గొట్టాలు, వాటికి పాలిస్టర్ ఫిల్మ్, దాని మీద ఆమ్లం లేని టిష్యూ. చుట్టేటప్పుడు రంగు బయటివైపు ఉండాలి. లోపలివైపు ఉంటే రంగు పొర నలిగి పెచ్చులు లేస్తుంది. సన్నని గొట్టం మీద బిగించి చుట్టడం మరీ చెడు, ఈ పటం మొదటి 5 అడుగుల్లో ఉన్న అడ్డపగుళ్లు అలా వచ్చినవే. తిప్పడానికి నలుగురు కావాలి, ఇద్దరు గొట్టాల దగ్గర, ఇద్దరు మధ్యలో కింద చేతులు పెట్టి.

లోపలికి రాకముందు పటాన్ని మూడు వారాలు విడి గదిలో ఉంచి, కింద తెల్ల కాగితం పరిచి రోజూ చూశాం. పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టు. రాలలేదు.

అక్టోబర్ చివర: ఎచింగ్‌లు

పాత ఫ్రేములు విప్పితే ప్రతిదాని వెనకా గోధుమరంగు అట్ట, సెలోటేపు. టేపు మరక కాగితంలోకి దిగిపోయింది, దాన్ని గీకొద్దు, కన్జర్వేటరుకు (పాత బొమ్మలు బాగుచేసే నిపుణులకు) విడిగా పెట్టాం. కొత్త మౌంటు (బొమ్మను నిలిపే అట్ట) పూర్తి నూలు బోర్డు. బొమ్మను పైఅంచున రెండు చోట్ల మాత్రమే జపాన్ టిష్యూ ముక్కలతో వేలాడదీయాలి. నాలుగు వైపులా అతికిస్తే వానాకాలం కాగితం అలలు తేలుతుంది. జిగురు గోధుమ పిండిపదార్థం, అంటే గ్లూటెన్ తీసిన పొడి. 1 పాలు పొడి, 5 పాళ్లు నీళ్లు, అరగంట సన్నసెగ మీద కలుపుతూ ఉడికించి, చల్లారాక రెండుసార్లు జల్లెడ పట్టాలి. మైదా ముద్ద వద్దు, గ్లూటెన్‌కు పురుగు వస్తుంది. పురుగు రాకుండా అందులో మైలుతుత్తం కలపడం బైండింగ్ షాపుల్లో పాత అలవాటు. అది కాగితాన్ని పెళుసు చేస్తుంది.

అద్దానికి, బొమ్మకు మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు గుబ్బలు, గోడకు ఆనకుండా.

నవంబర్ మొదటి వారం: వేలాడదీయడం, పేరు పలకలు

మధ్యగీత 145 సెం.మీ. బడి పిల్లలు ఎక్కువగా వస్తారని 150 నుంచి దించాం. లెక్క: మధ్యగీత, దానికి ఫ్రేము ఎత్తులో సగం కలిపి, పైఅంచు నుంచి కొక్కెం ఎంత కిందికుందో తీసేయాలి. 90 సెం.మీ. ఫ్రేముకు కొక్కెం 12 కిందికి ఉంటే 145, 45 కలిపి 190, అందులో 12 పోతే 178. ప్రతి ఫ్రేముకు రెండు కొక్కేలు, రెండు డీ రింగులు, తీగ లేకుండా. ఒక్క మేకు మీద తీగతో వేలాడే ఫ్రేము బస్సు వెళ్లినప్పుడల్లా కదిలి పక్కకు ఒరుగుతుంది. రసమట్టం ఫ్రేము మీద పెట్టి చూడండి, పైన చెక్కిన నగిషీ ఉన్న ఫ్రేములకు మాత్రం కింది అంచు నుంచి కొలవాలి. చేతులకు నైట్రైల్ గ్లవ్స్, నూలు గ్లవ్స్‌తో నున్నటి ఫ్రేము జారుతుంది.

పలకల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. డిజైన్ వాళ్ల నుంచి వచ్చిన మొదటి ప్రూఫులో వత్తులు అక్షరం పక్కకు వచ్చాయి, "లక్ష్మి" మూడు ముక్కలైంది. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కంపోజరు ఆన్ చేయకపోతే ఇలాగే వస్తుంది. సరిచేశాక తెలుగు చదవగలిగిన మనిషి అచ్చు కాగితం మీద చూడాలి, ఆ తర్వాతే అక్షరాలను గీతలుగా మార్చాలి. వరసల ఎడం ఇంగ్లీషుకు సరిపోయేంత ఉంచితే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది, ఒకటిన్నర రెట్లు కావాలి. గోడ మీద అతికించే వినైల్ అక్షరాలు 3 సెం.మీ. కంటే చిన్నవైతే వత్తులు, తలకట్లు మొదట ఊడతాయి. చిన్న అక్షరాలకు మెరుపు లేని బోర్డు మీద అచ్చే మేలు.

పటం పలక మీద ఆ పటం గీసిన నకాషీ (చిత్రకారుల) కుటుంబం పేరు, ఏ కులకథ, ఎవరు పాడతారు అన్న మూడూ పెద్ద అక్షరాల్లో పెట్టించాం. చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉందన్నది వాటి తర్వాత.

నవంబర్ రెండో వారం

గుమ్మం ముందు మెట్లు మూడు, ఒక్కోటి 6 అంగుళాలు. ర్యాంపు 12కు 1 వాలులో 18 అడుగులు పట్టింది, పక్కన రెండు ఎత్తుల్లో పట్టుకునే కడ్డీ. గుమ్మం లోపల 12 అడుగుల పొడవు పట్టాలు పరిచాం, రోడ్డు దుమ్ములో ఎక్కువ భాగం చెప్పులతోనే వస్తుంది. పొడి చల్లి మంటలార్పే సిలిండర్లు తీయించి కార్బన్ డయాక్సైడ్‌వి పెట్టించాం. ఆ పొడి ఒకసారి కాన్వాస్ మీద పడితే మళ్లీ పూర్తిగా రాదు.

జిగురు అట్టల పురుగు ఉచ్చులు 14, ప్రతి తలుపు దగ్గరా, నంబర్లతో. సోమవారం సెలవు, ఆ రోజే చూసి రాయాలి. ఈ వారం 3వ నంబరులో రెండు సిల్వర్‌ఫిష్‌లు, 9వ దానిలో ఒకటి. రెండూ పడమటి గోడ వైపే, ఎడంగా నిలిపిన గోడ కింది ఖాళీ దగ్గర. వెనకున్న లాగరు 66 శాతం చూపిస్తోంది, గదిలో 54. పైఅంచున చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి పెట్టి రెండు వారాలు చూస్తాం. పటాన్ని రెండో భాగానికి తిప్పేది డిసెంబర్ చివరి సోమవారం.